పాత నగర నిర్మాణ ఆటల పట్టు ఇంకా ఎందుకు సడలలేదు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నగరాలను నిర్మించే కంప్యూటర్ ఆటల గురించి కొంతకాలంగా నన్ను వదలని సందేహం ఒకటి మీ ముందు పెడుతున్నాను. మొదటి సిమ్‌సిటీ 1989లో వచ్చింది. 1993లో సిమ్‌సిటీ 2000, 1998లో సీజర్ 3, 1999లో ఫారో, 2003లో సిమ్‌సిటీ 4 వచ్చాయి. ఆ తర్వాత కంప్యూటర్ల శక్తి ఎన్నో రెట్లు పెరిగింది. 2015లో వచ్చిన సిటీస్: స్కైలైన్స్‌లో ఒక పౌరుణ్ణి ఎంచుకుని, అతడు ఏ ఇంట్లో ఉంటాడో, ఎక్కడ పని చేస్తాడో, ఏ దారిన వెళ్తాడో వెంట ఉండి చూడవచ్చు. అయినా సీజర్ 3ను, సిమ్‌సిటీ 4ను ఇప్పటికీ పట్టుదలగా ఆడేవారు, వాటికి కొత్త రోడ్లూ భవనాలూ తయారు చేసేవారు, వాటి లోపలి లెక్కలను విప్పి చూసేవారు కనిపిస్తూనే ఉన్నారు.

చిన్ననాటి జ్ఞాపకాల మీది మమకారమే దీనికి కారణమని చాలామంది అంటారు. ఆ జవాబుతో నాకు తృప్తి కలగడం లేదు. ఈ ఆటలు విడుదలైన నాటికి పుట్టనివారు కూడా వీటిని మొదటిసారి తెరిచి, రాత్రంతా వదలలేక కూర్చుంటున్నారు. అదీగాక, ఆ కాలంలోనే వచ్చి, అప్పట్లో ఇంతకంటే ఎక్కువ పేరు తెచ్చుకున్న ఆటలు ఎన్నో ఈనాడు ఎవరికీ గుర్తు లేవు. మమకారం ఒక్కటే కారణమైతే అవి కూడా బతికి ఉండాలి కదా.

బొమ్మల అందాన్నీ సంగీతాన్నీ కాసేపు పక్కన పెట్టి చెప్పండి: ఈ ఆటల నియమాలలోనే మనిషిని కట్టిపడేసేది ఏమైనా ఉందా? పాతవీ కొత్తవీ రెండూ బాగా ఆడినవారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

మొదటి సమాధానం

నియమాలలోనే ఉందని నా నమ్మకం. నాకు బాగా తెలిసిన, రోమన్ పట్టణాలను కట్టించే సీజర్ 3ను ఆధారంగా తీసుకుని చెబుతాను.

ఆ ఆటలో ప్రతి సేవనూ ఒక మనిషి కాలినడకన ఇంటింటికీ చేరవేస్తాడు. ఆటగాళ్లు వీరిని వాకర్లు అంటారు. బజారు కట్టినంత మాత్రాన చుట్టుపక్కల ఇళ్లకు ఆహారం అందదు. బజారు నుంచి ఒకామె గాదెకు వెళ్లి ధాన్యం తేవాలి, మరొకామె వీధుల వెంట తిరుగుతూ తాను దాటిన ఇళ్లకు దాన్ని పంచాలి. నిప్పు అంటుకోకుండా చూసే ప్రిఫెక్టు, కట్టడాలు కూలకుండా చూసే ఇంజినీరు, బడి, స్నానశాల, వైద్యశాల అన్నీ ఇదే పద్ధతిలో నడుస్తాయి. వాకర్ ఒక కూడలికి చేరినప్పుడు ఎటు తిరగాలో ముందుగా నిర్ణయమై ఉండదు, ఏదో ఒక దారి పట్టుకుని కొంత దూరం పోయి తిరిగి వస్తాడు. అందువల్ల మీరు వేసిన ప్రతి కూడలీ ఒక జూదమే. నాలుగు దారులు కలిసేచోట బజారు కడితే, అందులోని మనిషి మూడు విడతలు ఒకే వైపు తిరిగి, నాలుగో వీధిలోని ఇళ్లవాళ్లు ఆకలితో ఊరు విడిచి వెళ్లిపోవడం చూస్తారు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ వైఫల్యానికి కారణం తెర మీదే కనిపిస్తుంది. ఇంటి మీద కుడి క్లిక్ చేస్తే, అది ఎందుకు పై స్థాయికి పోలేకపోతోందో, ఏది అందక దిగజారబోతోందో ఒక వాక్యంలో చెబుతుంది. వీధిలో నడిచే మనిషి మీద క్లిక్ చేస్తే ఊళ్లో పని లేదనో, తిండి లేదనో అతడే నోరు విప్పి చెబుతాడు. వెంటనే మీరు బజారు వైపు చూస్తారు. బజారులో సరుకు ఉందా, గాదెలో ధాన్యం ఉందా, పొలంలో పనివాళ్లు ఉన్నారా, ఆ పొలానికి పనివాళ్లు రావడానికి దగ్గరలో ఇళ్లు ఉన్నాయా అని ఒక్కొక్క మెట్టే వెనక్కి వెళ్తారు. ఈ గొలుసు ఎంత పొడుగున్నా ఎక్కడా తెగదు. పట్టణం తగలబడిపోయినా, అది ఏ కూడలి వల్ల తగలబడిందో మీకు తెలుస్తుంది. ఆ తెలిసిన క్షణంలోనే మళ్లీ మొదలుపెట్టాలన్న కోరిక పుడుతుంది.

ఇందులోనే మరొక సూక్ష్మం ఉంది. ఇళ్లు చిన్న గుడారంతో మొదలై రాజభవనం దాకా ఇరవై స్థాయులు ఎక్కుతాయి. సామాన్యుల ఇల్లు ఒక దశ దాటి విల్లాగా మారగానే అందులోనివారు కులీనులవుతారు. కులీనులు పన్ను బాగా కడతారు గానీ పనికి వెళ్లరు. మొదటిసారి ఆడేవారు వైన్ దిగుమతి చేసి, తోటలు వేసి, గుళ్లు కట్టి ఒక వీధి మొత్తాన్ని విల్లాలుగా మార్చి మురిసిపోతూ ఉండగానే పొలాల్లో మనుషులు తగ్గిపోతారు, ప్రిఫెక్టు కార్యాలయం ఖాళీ అవుతుంది, ఆ పైన ఎక్కడో మంటలు లేస్తాయి. సాధించిన అభివృద్ధే తరువాతి కష్టానికి మూలమవుతుంది. శత్రువులను పంపి కష్టాన్ని పెంచే ఆటలు చాలా ఉన్నాయి. మీరు చేసిన మంచి పనుల నుంచే కష్టాన్ని పుట్టించే ఆటలు తక్కువ.

కొత్త ఆటలలో ఇంతకు పది రెట్లు లెక్కలు జరుగుతూ ఉండవచ్చు. అయితే వాటిలో చాలా భాగం ఆడేవారి కంటికి కనబడదు, కనబడినా బుర్రలో పట్టదు. సీజర్ 3 నియమాలు ఒక మనిషి మనసులో పూర్తిగా ఇమిడిపోయేంత చిన్నవి; వాటి ఫలితాలు మాత్రం ఎన్నేళ్లు ఆడినా ఇమడవు. నా మటుకు ఈ ఆటల ఆయుష్షుకు కారణం అదే.

రెండవ సమాధానం

పై మిత్రుల వివరణ సీజర్ విషయంలో అక్షరాలా నిజం. సిమ్‌సిటీకి మాత్రం అది పూర్తిగా వర్తించదు. సిమ్‌సిటీ 2000లో ఒక వీధిలో భూమి విలువ ఎందుకు పడిపోయిందో ఏ పౌరుడూ వచ్చి మీకు చెప్పడు. రంగుల పటాలు, గీతల పట్టికలు చూసి ఊహించుకోవలసిందే. అయినా జనం దాన్ని వదల్లేదంటే మరేదో ఉన్నట్టే.

దాని పుట్టుకలోనే ఆ జవాబు కొంత దొరుకుతుంది. సిమ్‌సిటీ రూపకర్త విల్ రైట్ 1984లో హెలికాప్టర్‌తో దీవుల మీద బాంబులు వేసే యుద్ధపు ఆట ఒకటి తయారు చేశారు. ఆ దీవుల మీద రోడ్లు, కర్మాగారాలు పెట్టడానికి తన కోసం రాసుకున్న పరికరమే అసలు ఆట కన్నా ఆయనకు ఎక్కువ వినోదాన్నిచ్చింది. అక్కడి నుంచి పెరిగిన ఆలోచనే సిమ్‌సిటీ. కమడోర్ 64 మీద దాని తొలి రూపం 1985 నాటికే సిద్ధమైనా, గెలుపూ ఓటమీ లేని ఆటను ఎలా అమ్మాలో ప్రచురణ సంస్థకు పాలుపోలేదు. చివరికి రైట్, జెఫ్ బ్రాన్ కలిసి 1987లో మ్యాక్సిస్ సంస్థను పెట్టి, 1989లో దాన్ని బయటకు తెచ్చారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 1906 నాటి భూకంపం, బెర్న్‌లో 1965 నాటి వాహన రద్దీ వంటి సన్నివేశాలు గడువు పెట్టి గెలవమంటాయి గానీ, వాటిని ముట్టుకోకుండానే ఏళ్లు గడిపినవారు ఎందరో. రైట్ దీన్ని ఆట అని కాకుండా సాఫ్ట్‌వేర్ బొమ్మ అని పిలవడానికి ఇష్టపడేవారు.

గెలుపు లేకపోవడం కన్నా కూడా నన్ను ఆకర్షించేది మరొకటి ఉంది. సిమ్‌సిటీలో మీరు ఇల్లు కట్టరు. ఇక్కడ ఇళ్లు రావచ్చని నేల మీద ఆకుపచ్చ గళ్లు గీస్తారు, రోడ్డు వేస్తారు, కరెంటు తీగ లాగుతారు, ఇక ఎదురు చూస్తారు. కాసేపటికి ఆ గళ్లలో ఒక మూల ఎవరో చిన్న ఇల్లు కట్టుకుంటారు, దాని పక్కన మరొకటి లేస్తుంది. కొన్నిచోట్ల ఎంతకీ ఎవరూ రారు. తెర మూలన ఉన్న మూడు కడ్డీలు నివాసాలకు, వాణిజ్యానికి, పరిశ్రమలకు గిరాకీ ఎంత ఉందో చూపుతూ లేస్తూ పడుతూ ఉంటాయి. గీత మీది, నిర్ణయం వాళ్లది. సీజర్‌లో కూడా ఖాళీ స్థలం చూపిస్తే బండి లాక్కుంటూ వలసదారులు వచ్చి గుడారం వేసుకుంటారు, అంటే అక్కడా మూలసూత్రం ఇదే. ప్రతి ఇటుకనూ చేతితో పెట్టే ఆటలో మీరు చేసినదే మీకు కనిపిస్తుంది. ఇక్కడ మీరు పిలిచారు, వాళ్లు వచ్చారు. ఆ రావడంలో కొంచెం ఆశ్చర్యం ఎప్పుడూ మిగిలి ఉంటుంది.

ఆపడానికి తగిన చోటు దొరకదన్నది దీనికి తోడు. ఒక సమస్య తీరేలోపే రెండోది సగం పెరిగి ఉంటుంది. కొత్త బడి పూర్తయ్యేసరికి విద్యుత్ కేంద్రం వయసైపోతుంది. రాత్రంతా కూర్చున్నవారి గురించి మీరు రాశారు చూడండి, వారిని కూర్చోబెట్టేది ఇదే.

మూడవ సమాధానం

ఇద్దరూ బాగా చెప్పారు. అయితే ఇద్దరూ ఈ ఆటలను కాస్త ఎక్కువగానే మెచ్చుకున్నారని నాకనిపిస్తోంది. నియమాలు స్పష్టంగా ఉండటం వేరు, అవి నిజం కావడం వేరు.

సిమ్‌సిటీ వెనుక ఉన్న ఆలోచనలలో ముఖ్యమైనది ఎంఐటీ ప్రొఫెసర్ జే ఫారెస్టర్ 1969లో ప్రచురించిన అర్బన్ డైనమిక్స్ అనే గ్రంథం. నగరాన్ని సమీకరణాల వ్యవస్థగా చూసిన ఆ గ్రంథం మీద అప్పట్లోనే తీవ్రమైన విమర్శలు వచ్చాయి. ఆట ఆ సమీకరణాలను యథాతథంగా తీసుకోకపోయినా, నగరమంటే కొన్ని మీటలు తిప్పి సరిచేయగల యంత్రమన్న దృష్టిని మాత్రం తీసుకుంది. పన్ను తగ్గిస్తే జనం వస్తారు, పోలీసు స్టేషను కడితే నేరం తగ్గుతుంది, విలువ పడిపోయిన వీధిని బుల్డోజర్‌తో చదును చేస్తే పోతుంది. ఆ వీధిలో ఉన్నవారు ఎక్కడికి వెళ్లారని ఆట ఎన్నడూ అడగదు.

పాత సిమ్‌సిటీ సోర్స్ కోడ్‌ను, అంటే ఆటను నడిపే ప్రోగ్రాము పాఠాన్ని, 2008లో మైక్రోపోలిస్ అనే పేరుతో, ఎవరైనా చదివి మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేశారు కాబట్టి, ఇవన్నీ ఊహాగానాలుగా మిగలలేదు. ఉదాహరణకు రద్దీని లెక్కించే భాగాన్ని చూడండి. ఒక నివాస జోన్ (ఇళ్ల కోసం గీసిన గళ్లు) నుంచి బయలుదేరిన ప్రయాణం రోడ్డు వెంట గుడ్డిగా గడి తరువాత గడి జరుగుతూ పోతుంది. 30 గడుల లోపల తనకు కావలసిన రకం జోన్ తగిలితే ప్రయాణం సఫలమైనట్టు, లేకపోతే విఫలమైనట్టు. ఎవరూ ఎక్కడికీ వెళ్లరు, ఎవరికీ ఉద్యోగం లేదు. రైలు పట్టాల మీద రద్దీని ఆ లెక్క పట్టించుకోదు కాబట్టి, రోడ్లన్నీ తీసేసి పట్టాలు వేస్తే నగరంలో ట్రాఫిక్ సమస్యే ఉండదన్న చిట్కాను ఆ రోజుల్లోనే ఆటగాళ్లు కనిపెట్టారు. కింద దుకాణం, పైన కాపురం ఉండే మామూలు వీధిని సిమ్‌సిటీలో గీయడం కుదరదు, ఎందుకంటే ఒక గడి ఇల్లయినా కావాలి, అంగడైనా కావాలి.

ఈ దృష్టిని చివరిదాకా లాగితే ఏమవుతుందో మాగ్నసాంటి అనే నగరం చూపించింది. వాస్తుశిల్పం చదువుతున్న ఒక యువకుడు సిమ్‌సిటీ 3000లో ఏళ్ల తరబడి లెక్కలు వేసి, సుమారు 60 లక్షల జనాభాతో ఆ నగరాన్ని కట్టి 2010లో లోకానికి చూపాడు. అందులో ఒకే నమూనా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రద్దీ లేదు, నేరం లేదు, ఎవరూ ఊరు విడిచి పోరు. గాలి మాత్రం విషపూరితం, వైద్యసేవలు లేవు, మనుషులు ముసలితనం చూడకుండానే పోతారు. ఆట కొలబద్దల ప్రకారం అది ఘన విజయం. తయారు చేసినవాడి ఉద్దేశం కూడా ఆ కొలబద్దల మీద వ్యాఖ్యానించడమే.

అందుచేత నా అభిప్రాయం కొంచెం చేదుగా ఉంటుంది. ఎన్నికలలో ఓడించే ప్రత్యర్థి లేడు, సభలో అడ్డుపడే సభ్యుడు లేడు, ఇల్లు ఖాళీ చేయనని కోర్టుకెక్కే అద్దెదారు లేడు. ఇంత అధికారం ఇచ్చి, దానిని పాలన అని పిలిచే ఆట మనిషికి నచ్చకపోతే ఆశ్చర్యపడాలి. నేనూ ఆడతాను, ఇష్టంగానే ఆడతాను, కాని నగరాల గురించి ఏదో నేర్చుకుంటున్నానన్న భ్రమ మాత్రం పెట్టుకోను.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడవ సమాధానం చదివాక నాకు ఇంకో సందేహం కలిగింది. పాత ఆటల లెక్కలు అంత మోటువైతే, ప్రతి మనిషినీ విడివిడిగా లెక్కించే కొత్త ఆట వాటికన్నా నమ్మదగినదిగా అనిపించాలి. 2013 నాటి సిమ్‌సిటీ ఆ ప్రయత్నమే చేసింది కదా. అది ఎందుకు నిలబడలేదు? ఇంకొకటి, సిమ్‌సిటీ 4ను, సీజర్ 3ను ఈనాటి కంప్యూటర్ మీద మొదలుపెట్టాలంటే ఏవైనా జాగ్రత్తలు ఉన్నాయా?

మొదటి సమాధానం రాసినవారి స్పందన

మొదటి సందేహానికి నాకు తోచింది చెబుతాను. 2013 మార్చిలో వచ్చిన ఆ ఆటకు నిరంతరం ఇంటర్నెట్ ఉండి తీరాలన్న నిబంధన, విడుదల రోజుల్లో సర్వర్లు మొరాయించడం చాలా చెడ్డపేరు తెచ్చాయి. ఇంటర్నెట్ లేకుండా ఆడే వీలు 2014 మార్చిలో గానీ రాలేదు. కాని అవన్నీ సర్దుకున్న తరువాత కూడా ఒక లోపం మిగిలిపోయింది. అందులోని ప్రతి పౌరుడూ ఒక ఏజెంటు, అంటే ఆట విడిగా లెక్కగట్టి నడిపించే బొమ్మ. ఉదయం ఇంటి నుంచి బయలుదేరి, తనకు దగ్గరలో ఖాళీగా ఉన్న ఏదో ఒక ఉద్యోగంలో చేరతాడు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు తన ఇంటికి కాకుండా, దారిలో ముందుగా కనిపించిన ఖాళీ ఇంట్లోకి వెళ్లిపోతాడు. పైగా నగరం పెరిగేకొద్దీ తెర మీద చూపించే జనాభా, నిజంగా లెక్కలో ఉన్న ఏజెంట్ల సంఖ్య కన్నా ఎక్కువగా ఉండేది. ఆటగాళ్లు కోడ్‌ను తవ్వి ఈ సంగతి బయటపెట్టినప్పుడు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

1989 నాటి ఆట గుడ్డిగా 30 గడులు జరిగిందని తెలిసినప్పుడు మాత్రం మనకు కోపం రాలేదు, ఎందుకంటే అది ఎవరినీ వేలుపెట్టి చూపించి ఇతడే ఫలానా అని చెప్పలేదు. చిన్న చతురస్రం మీద ఒక ఇల్లు గీసి ఊరుకుంది, మిగతాది మనమే ఊహించుకున్నాం. మనిషిని చూపించి, అతడికి పేరు పెట్టి, అతడి వెంట వెళ్లమన్న ఆట ఆ మనిషి తన ఇంటికి తాను వెళ్లేలా చూడాలి. సీజర్ 3లోని బజారు మనిషి కూడా బుద్ధిలేనిదే, కాని ఆమె బుద్ధిలేనిదని ఆట దాచిపెట్టలేదు. ఆ బుద్ధిలేనితనం చుట్టూనే వీధులు వేయడం మన పని. సిటీస్: స్కైలైన్స్ ఈ విషయంలో ఎంతో మెరుగు. అక్కడ పౌరుడికి తన ఇల్లు, తన ఉద్యోగం ఉంటాయి. అయినా రద్దీలో ఎక్కువసేపు ఇరుక్కున్న వాహనాలు మాయమైపోవడం చూసినప్పుడు నాకు పాత ఆటల మోటుతనమే మర్యాదగా అనిపిస్తుంది.

మూడవ సమాధానం రాసిన మిత్రులకు ఒక్క మాట. ఆట చెప్పే నగరం నిజమైన నగరం కాదన్నది ఒప్పుకుంటాను. కాని ఆ రైలు పట్టాల చిట్కాను కనిపెట్టినవాడు, ఒక నమూనా ఎక్కడ అబద్ధమాడుతోందో తనంతట తాను పట్టుకున్నాడు. అంత త్వరగా తన అబద్ధాన్ని పట్టిచ్చే నమూనా ఎంత మోటుదైనా నాకు ఇష్టమే.

నాల్గవ సమాధానం

రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. సీజర్ 3 అసలు ప్రతి మీ దగ్గర ఉంటే, దానికి జూలియస్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును జోడించుకోండి. ఆట నియమాలను ఏమాత్రం మార్చకుండా, పాత సేవ్ ఫైళ్లు కూడా పనిచేసేలా, పెద్ద తెరల మీద నడిచేటట్టు చేస్తుంది. దాని నుంచే పుట్టిన ఆగస్టస్ నియమాలను కూడా మారుస్తుంది. వాకర్లను ఆపే రోడ్డు అడ్డంకులు ఫారోలో మొదటిసారి వచ్చాయి. సీజర్ 3లో అవి లేక, వాకర్లు దాటరన్న కారణంతో ఆటగాళ్లు కోట ద్వారాలను ఊరి మధ్యలో కట్టేవారు. ఆగస్టస్ ఆ అడ్డంకులను సీజర్ 3లోకి తెచ్చింది. మొదట జూలియస్‌తో ఆడి, కూడళ్లతో బాగా అవస్థపడ్డాకే ఆగస్టస్‌కు మారమని నా సలహా. లేకపోతే ఆ అడ్డంకి విలువ తెలియదు.

సిమ్‌సిటీ 4 సంగతి వేరు. అది ప్రాసెసర్‌లో ఒకే కోర్‌ను (లెక్కలు చేసే భాగాల్లో ఒకదాన్ని) వాడుకుంటుంది కాబట్టి ఎంత మంచి కంప్యూటర్ మీదైనా పెద్ద నగరం నెమ్మదిస్తుంది, అప్పుడప్పుడు కూలిపోతుంది కూడా. ఒకే కోర్ మీద నడిచేలా ముందే అమర్చుకుని, తరచుగా సేవ్ చేసుకుంటూ ఉండండి. నెట్‌వర్క్ యాడాన్ మాడ్ అని అభిమానులు ఏళ్లుగా కలిసి నిర్మిస్తున్న మాడ్, అంటే ఆటకు అదనంగా జోడించుకునే మార్పుల కట్ట, ఒకటుంది. కొత్త రకాల రోడ్లు, రైలు మార్గాలతో పాటు, ప్రయాణికులు దారి ఎంచుకునే లెక్కను కూడా అది సరిచేస్తుంది. దాన్ని మొదటి రోజే పెట్టుకోండి. ఆట ప్రాంతాన్ని ఒక కిలోమీటరు, రెండు, నాలుగు కిలోమీటర్ల భుజం గల చతురస్రాలుగా విడగొడుతుంది. మధ్యరకం చతురస్రంతో మొదలుపెడితే ఊపిరాడుతుంది.

కొత్తవారు దివాలా తీసేది దాదాపు ఎప్పుడూ మొదటి పదేళ్లలోనే, అదీ ముందుచూపు ఎక్కువై. తక్కువ సాంద్రత గల జోన్లకు నీరు అవసరం లేదు కాబట్టి పైపులు అప్పుడే వేయకండి. మొదటి మంట లేచేదాకా అగ్నిమాపక కేంద్రం కట్టకండి. మంట లేచినప్పుడు ఆటను నిలిపి కట్టినా సమయం సరిపోతుంది. బడి కట్టాక దాని మీద క్లిక్ చేసి, ఎందరు పిల్లలు చదువుతున్నారో చూసి, అంతకు కొద్దిగా పైన ఉండేలా నిధులు తగ్గించండి, బస్సుల ఖర్చు వేరుగా కోయండి. జనాభా పెరిగిన ప్రతిసారీ ఆ నిధులను మళ్లీ పెంచడం మరిచిపోతే ఉపాధ్యాయులు సమ్మెకు దిగుతారు.